ఉతకని చొక్కా

ఉచ్చుపంపా, మంగళవారం

తమ్ముడు అబెలార్దోకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఈ పొద్దుటి సంగతి రాస్తున్నాను. ఎప్పటిలాంటి పొద్దే. జపమాల ముగించి పొయ్యి ఊదాను. పొయ్యి గూట్లో గినీపందులు గడ్డి కోసం కీచుమంటున్నాయి. చెల్లి కసిల్దా ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తూ, వేళ్లు కాలాయని ఎప్పట్లాగే నన్ను తిట్టింది. రాత్రి పేరుకున్న మంచు చూరు నుంచి చుక్కలుగా కారుతోంది. నీ కూతురు మరిసేలా ఒక జడ వేయించుకుని, రెండోది అల్లుతుండగా కడుపు పట్టుకుంది. "అత్తయ్యా, ఇక్కడ" అని బొడ్డు చుట్టూ చూపించింది. ఏడవలేదు. కాసేపు కూర్చుని, ఒంటి జడతోనే బడికి పోయింది.

చాలా రోజులుగా ఇంతే. నర్సు నులిపురుగులకు మందు ఇచ్చింది. పురుగులు పోయాయి, నొప్పి పోలేదు. నాటువైద్యం చేసే బసీలియా అవ్వ గినీపందితో ఒళ్లంతా తడిమి జబ్బేమిటో చెబుతానంటోంది. పిల్లల డాక్టరువి, తండ్రివి. నీ మాట లేకుండా ఒప్పుకోలేదు.

నీ పెద్దక్క,
ఎర్మెలిందా

తా.క. "నాన్న ఎప్పుడొస్తాడు" అని అడగడం మానేసింది. దానికి కూడా మందుంటే రాయి.

—

లీమా, సోమవారం

పెద్దక్కకి నమస్కారాలు.

గినీపంది వద్దు. గినీపందుల మీద మేం పరీక్షలు చేస్తాం గానీ, అవి మనల్ని పరీక్షించడం ఎక్కడా లేదు.

పాప బరువు తగ్గుతోందా? నొప్పితో నిద్రలోంచి లేస్తోందా? జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం ఉన్నాయా? ఉంటే వెంటనే బస్సెక్కించు. ఏవీ లేకపోతే భయం లేదు. ఇలాంటి పిల్లల్ని వందలమందిని చూసి రాసిన అధ్యయనాలున్నాయి. లోపల చెడింది ఏమీ కనబడదు, కానీ నొప్పి మాత్రం నిజం. నటిస్తోందని కసిల్దాని అననివ్వకు.

కడుపునొప్పికి మన ఇంట్లో తాగించే కొండ పుదీనా కషాయం పనిచేస్తుందనడానికి రుజువు లేదు. కావాలంటే మీరే తేల్చండి. రోజూ కసిల్దా తెర వెనక నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే కషాయం, బొరుసు పడితే ఉత్త వేడినీళ్లు. తాగే పాపకీ, తాగించే నీకూ ఏదన్నది తెలియకూడదు.

నీ తమ్ముడు,
అబెలార్దో

తా.క. నాకూ కొంతకాలంగా కడుపులో ముడి వేసినట్టు ఉంటోంది. నేను చదివేవన్నీ పిల్లల అధ్యయనాలు, నాకు పనికిరావు. కాఫీ తగ్గించాను.

మళ్లీ తా.క. రావాలనే ఉంది. డ్యూటీలు.

—

ఉచ్చుపంపా, ఆదివారం

తమ్ముడికి దీవెనలు.

నువ్వు అడిగినవేవీ పాపకు లేవు. ఆ మాట చదివాకే నిద్రపట్టింది. పోయిన వానల్లో పక్కింటి పసివాడికి విరేచనాలు పట్టుకుంటే, నువ్వు పంపిన ఉప్పు పంచదార పొట్లాలే వాణ్ణి బతికించాయి. అందుకే నీ అధ్యయనాలకు కూడా ఒక కొవ్వొత్తి వెలిగిస్తున్నాను.

నాణెం సంగతి కుదరలేదు. కొండ పుదీనా వాసన వీధి చివరికి వస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే మరిసేలా నవ్వుతూ మంచం మీంచి పడింది. చివరికి నేను కట్టుకున్నాను. పొరుగువాళ్లు ఇంట్లో అంటుజబ్బు ఉందనుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారు. నిన్న కసిల్దా బయటపడింది. "పసిదానికి ఉత్త నీళ్లు పోయడానికి నాకు చేతులు రాలేదక్కా. బొమ్మ పడినా బొరుసు పడినా కషాయమే పోశాను." మరి కొన్ని రోజులు నొప్పెందుకు వచ్చిందని అడిగాను. "ఆ రోజుల్లో బస్సొచ్చింది కదా" అంది.

ప్రతి శనివారం లీమా బస్సొస్తుంది. పిల్ల అరుగు మీద కూర్చుని, దిగేవాళ్లందరూ దిగేదాకా చూస్తుంది.

నీ పెద్దక్క,
ఎర్మెలిందా

తా.క. నువ్వు తొడిగి విప్పిన చొక్కా ఒకటి పంపు. ఉతకొద్దు. కడుపునొప్పికి.

—

లీమా, గురువారం

పెద్దక్కకి నమస్కారాలు.

చొక్కా అనగానే ఇది బసీలియా అవ్వ పనేమోనని భయపడ్డాను. దడుపు తగిలినవాళ్ల బట్ట ఆ దడుచుకున్న చోటికి తీసుకెళ్లి, పేరుపెట్టి, అక్కడే చిక్కుకుపోయిన జీవాన్ని వెనక్కి పిలవడం నేనెరగనిదా. కానీ పాపని పిలవాలంటే పాప గౌనే కావాలి, నా చొక్కా కాదు. కాబట్టి అది కాదని తేల్చుకున్నాను.

తర్వాత అర్థమైంది. తల్లి వాసన తగిలితే పసికందులు ఏడుపు తగ్గిస్తారని అధ్యయనాలున్నాయి. నువ్వు దానికి తండ్రి వాసన చూపిస్తావు. పెద్దక్కా, మా దారికి వచ్చావు. సంతోషం.

అయితే పద్ధతిగా చేద్దాం. ఒకేలాంటివి రెండు చొక్కాలు పంపుతున్నాను. ఒకటి ఉతికింది, ఒకటి ఉతకనిది. ఏది ఏదో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ తమ్ముడు,
అబెలార్దో

తా.క. నేనుండే ఇల్లుగలావిడ అడక్కుండానే రెండూ ఉతికేసింది. ఒకటి మళ్లీ తొడుక్కుని రెండు డ్యూటీలు చేశాను. వార్డులో పిల్లలెవరూ ఏడుపు తగ్గించలేదు.

మళ్లీ తా.క. పాప నా గురించి అడగడం పూర్తిగా మానేసిందా?

—

ఉచ్చుపంపా, ఆదివారం

తమ్ముడికి దీవెనలు.

చొక్కాలు అందాయి. మేం పొట్లం విప్పుతుండగానే మరిసేలా ఒకటి లాక్కుని మొహం దాచుకుంది. "ఇది నాన్నది. ఆ రెండోది సబ్బుది" అంది. నీ పరీక్ష అంతటితో అయిపోయింది.

ఇక నిజం రాస్తాను. పిలిచింది పాపని కాదు, నిన్ను.

పొద్దున బసీలియా అవ్వతో వంతెన దగ్గరికి వెళ్లాం. చరియ విరిగిపడి, ఆస్పత్రికి బయల్దేరిన మీ లారీ ఆగిపోయిన చోటికే. నొయెమీ నీ చేతుల్లో పోయింది అక్కడే. అంత చదువు చదివీ భార్యకేమీ చేయలేకపోయావు. ఎవరైనా అంతే. ఆ తర్వాత ఆ వంతెన దాటి నువ్వు ఇంటికి రాలేదు. కడుపులో ముడి కాఫీది కాదు నాయనా.

అవ్వ పిలిచింది, నేను ప్రార్థన చేశాను. మరిసేలా చొక్కా చెయ్యి పట్టుకుని, "రా నాన్నా, ఇంటికెళదాం. చెయ్యి వదలను, భయపడకు" అంది. దారంతా ఆ చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చి కడుపునిండా తింది. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు.

జీవాన్ని పిలిచి తెచ్చిన చొక్కా ఆ మనిషి తొడుక్కుంటేనే పని పూర్తవుతుంది. దాని సంగతి తేల్చడానికి ఈ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. పోస్టులో పంపేద్దామని కసిల్దా అంది. "పోస్టులో వేస్తే నాన్న మళ్లీ దారిలోనే దిగిపోతాడు" అంది నీ కూతురు. దాని మాటే నెగ్గింది.

శనివారం మరిసేలా ఆ చొక్కా పట్టుకుని వంతెన ఇవతల నిలబడుతుంది. నువ్వు బస్సు అవతలే దిగి నడిచి దాటాలి. ఈ వారం రాలేకపోతే వచ్చే వారం కూడా నిలబడుతుంది. ఇది ఇంటిల్లిపాదీ కలిసి చేసిన నిర్ణయం. గినీపందుల్ని మాత్రం అడగలేదు.

నీ పెద్దక్క,
ఎర్మెలిందా

తా.క. సబ్బు చొక్కా నీకు తిప్పి పంపాలని కూడా నిర్ణయించాం. దాన్ని ఎవరూ పిలవలేదు. సరిపోల్చుకోవడానికి అది తొడుక్కుని రా.