మళ్ళీ చెప్పేదాకా

పుణె

అక్కకు దండం పెట్టి తమ్ముడు నరేశ్ రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. నీ గొంతు వినే ధైర్యం లేదు, అందుకే.

ఇక్కడ ఎండ మన మిర్యాలగూడ అంత లేదు. మెస్సులో అన్నీ చపాతీలే, అన్నం చివర్లో గరిటెడు. ముద్దపప్పు కోసం ప్రాణం కొట్టుకుంటోంది. అయినా తింటున్నాను, నా గురించి రంది పెట్టుకోకు.

నా పని నీకు తెలిసిందే. వాన, పిడుగు, ఈదురుగాలి హెచ్చరికలను వాతావరణ ఆఫీసు ఎవరైనా వాడుకునేలా, కంప్యూటర్ చదవగలిగే ఒకే పద్ధతిలో ఇంటర్నెట్‌లో పెడుతుంది. మేము వాటిని తీసుకుని తెలుగులో ఫోన్లకు పంపుతాం. మన వేములపల్లి నంబర్లన్నీ నువ్వే కల్లాల వెంట తిరిగి చేర్పించావు. "మా తమ్ముడు పంపుతడు, నమ్మున్రి" అన్నావట.

వడ్లు కల్లాల్లో ఉండగా మన మండలానికి గాలివాన హెచ్చరిక వచ్చిన రోజు, దాని కింద "మళ్ళీ చెప్పేదాకా వడ్ల మీద కప్పిన పట్టాలు తీయొద్దు" అన్న మాట నేనే చేర్చాను. రైతుకు అర్థమయ్యేలా రాశానని మురిసిపోయాను కూడా. కాసేపటికే గాలి దారి మళ్ళిందని వాతావరణ ఆఫీసు నుంచి మాకు రద్దు కబురు వచ్చింది. అది మీకు చేరలేదు. ముప్పు లేదని చెబితే ఎవరికి పనికొస్తుందిలే అని, రద్దులు పంపకుండా ముందే ఆపి పెట్టింది నేనే. మన ఊళ్ళో చాటింపు వేసినవాడే తిరిగొచ్చి అయిపోయిందని చాటితే గానీ ఎవరూ కదలరు. ఆ ఊళ్ళో పుట్టి ఆ సంగతే మరిచాను.

తర్వాతిదంతా బావ చెప్పాడు. మర్నాడు ఎండ మాడ్చేసిందట. బావ పట్టా తీయబోతే నువ్వు అడ్డం పడ్డావట. "జర ఆగు, తమ్ముడు ఇంకా చెప్పలే." నిన్ను చూసి పక్క కల్లాలవాళ్ళూ ఆగారు. పచ్చి వడ్లు పట్టాల కింద ఉడికి రంగు మారాయి, మిల్లువాళ్ళు వద్దన్నారు.

"నీ తమ్ముని మాట ఇని మా నోట్లె మన్ను కొట్టినవ్" అని నిన్ను అన్నారట. నువ్వేమో "మొగులు సంగతి ఎవలికి తెలుస్తది" అని నన్ను వెనకేసుకొచ్చావట. మబ్బుల తప్పేం లేదక్కా, తప్పు నాదే. నీ మాట విన్నాక తల కొట్టేసినట్టయింది. ఇకమీదట ఎండ కాస్తే నా మాట కోసం ఆగకు.

ఇప్పుడు రద్దులు కూడా పంపుతున్నాం. నిన్న మన మండలానికి మళ్ళీ హెచ్చరిక వచ్చి, సాయంత్రానికి రద్దయింది. "గండం తప్పింది, పట్టాలు తీయండి" అని రాసి పంపాను. ఊళ్ళో అందరూ నంబర్లు తీసేయించుకున్నారు. ఆ కబురు మన ఊళ్ళో ఒక్క ఫోనుకే పోయింది. అది నీదే.

అత్తమ్మకు, బావకు దండాలు. పిల్లలకు ముద్దులు. దీవించమని అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు
నరేశ్