వంకర ఎందులో ఉంది?

అమ్మడూ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాన్న కులాసా. మోకాలి నొప్పి తగ్గి రోజూ నడుస్తున్నారు. నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. నా సంగతి చివర్లో రాస్తాను.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. ఫొటో స్టూడియో మూసిన ఏడాదికి ఆ పాత రీలు కెమెరా మళ్లీ ఎందుకు బయటికి తీశావన్నది మొదటిది. ఊరి చివర థీమ్ పార్కులో పాత ఆటలన్నీ విప్పేస్తున్నారు. విప్పేలోగా వాటి ఫొటోలు కావాలని, అవీ రీలు మీదే కావాలని మేనేజరు పట్టుబట్టాడు. ఈ చుట్టుపక్కల రీలు కడగడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

పోయినసారి పంపిన ఫొటోలో నాన్న మొహం అలికినట్టు ఎందుకుందన్నది రెండోది. దానికి జవాబు తెలియక నేనే తికమక పడుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం పార్కు తెరవకముందే వెళ్లాను. కెమెరాలోంచి చూస్తే రోలర్ కోస్టర్ పట్టాలు మెలికలు తిరిగి ఉన్నాయి. అవి ఉండేదే అలా కదా. అద్దాల గదిలో నేను పీపాలా కనిపించాను. అదీ మామూలే. జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి, దాన్ని మోసే స్తంభం నడుము దగ్గర వంగి ఉంది. ఆ పార్కులో ఏది కావాలని వంకరగా కట్టారో ఏది కాదో నాకు అంతుపట్టలేదు. కెమెరా కంటి దగ్గరే ఉంచి, వీల్ నడిపే పెద్దాయనను అడిగాను.

"ఈ స్తంభం ఇలా వంచి కట్టారేంటండీ?"

"వంచడమేంటమ్మా? ఇరవై ఆరేళ్లుగా దీని కిందే నిలబడుతున్నా. గీత గీసినట్టుంది."

కెమెరా దించి చూస్తే నిజంగానే తిన్నగా ఉంది. మళ్లీ పెడితే వంకర. కెమెరా పాడైందనుకున్నాను. ఆయన వీల్‌తోపాటే తనూ పని మానేస్తున్నానని, దాని ముందు ఒక ఫొటో తీయమని అడిగాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. మూడు తీశాను. రీలు కడిగాక చూస్తే వెనక చక్రం బోల్టులతో సహా స్పష్టంగా ఉంది, ఆయన మొహం మూడింటిలోనూ పొగలా ఉంది.

ఇంట్లో నాన్న చేతికి కెమెరా ఇచ్చి, కిటికీ ఊచలు చూడమన్నాను.

"తిన్నగానే ఉన్నాయిగా" అన్నారు.

నేను కుడి కన్ను పెడితే వంకర, ఎడమ కన్ను పెడితే తిన్నగా. ముప్పై ఏళ్లుగా నేను కెమెరాకు ఆనించేది కుడి కన్నే.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. గిరాకీ లేక స్టూడియో మూశానని నీకు రాశాను. అది అబద్ధం. ఒక కుటుంబమంతా కలిసి తీయించుకున్న ఫొటోలో మొహాలన్నీ మసకబారాయి. ఆ ఇంటి ముసలావిడ "పోనీలే తల్లీ" అంది. నా చేతిలో పని పోయిందనుకుని, ఆ సిగ్గుతో వారంలోనే తాళం వేశాను. నాన్నకూ చెప్పలేదు. చేయి బాగానే ఉండి, పోయింది కన్నేనా? అలాగైతే ఎందుకు మూసినట్టు?

గురువారం, వీల్ విప్పడానికి ముందు రోజు, పెద్దాయనకు ఆ మూడు ఫొటోలూ చూపించి, మొహానికి లెన్సు దూరం నా కంటికి సరిగా కుదరడం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. "దూరం కొలిస్తే సరిపోతుందా?" అని అడిగాడు. సరిపోతుందన్నాను. పనిముట్ల పెట్టెలోంచి టేపు తెచ్చి, ఒక కొన తన ముక్కుకు ఆనించుకుని, రెండోది నాకిచ్చాడు. తొమ్మిది అడుగులు. లెన్సు మీద ఆ అంకెకు తిప్పి నొక్కాను. కడిగి చూస్తే మొహం కనుబొమ్మల్లో తెల్లవెంట్రుకలతో సహా వచ్చింది. తీసుకెళ్లి ఇస్తే ఆయన చూసుకుని, "ఇంత ముసలాణ్ని అయ్యానా, ముందువే నయం" అన్నాడు. అయినా జేబులో పెట్టుకున్నది దీన్నే.

వచ్చే బుధవారం పది గంటలకు కంటి డాక్టరు రమ్మన్నాడు. లోపం కంట్లోనే ఉందని తేలితే బాగుండునని ఒక పూట అనిపిస్తుంది, అలా అనుకున్నందుకు మరో పూట భయమేస్తుంది. ఏది కోరుకోవాలో తెలియడం లేదు. నాన్న తోడు వస్తానంటున్నారు గానీ, డాక్టరు చెప్పింది మేం చెరోలా అర్థం చేసుకుని ఇంటిదాకా వాదించుకుంటాం. వీలు చేసుకుని నువ్వు రా. డాక్టరు ఏమన్నాడో నీ నోటితో వింటే నమ్ముతాను.

ఇట్లు,
నిన్ను చూడాలనుకుంటున్న
మీ అమ్మ