అత్తమ్మ వాసన చూసిన నూనె

ఫిబ్రవరి 10, సోమవారం

వంకాయ కూర నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశాను. వంకాయ తప్పేం లేదు, నూనె ముక్కిపోయింది. డానియేలు నా వైపూ వాళ్లమ్మ వైపూ చూసి పెరుగు వేసుకున్నాడు. ఎంతైనా తెలివైన మొగుడు. అత్తమ్మ మాత్రం రెండు ముద్దలు తిని కంచం జరిపేసింది. నూనె బాగాలేదన్నానని నా మీదకు లేచింది. ఈ ఆగమ్మ జూసిన నూనెకే వంక పెడ్తున్నవా అని. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ పల్లి నూనె ఆవిడ డిపార్ట్‌మెంట్. నాకు కొనే హక్కు లేదు. సరే, తినండి.

ఫిబ్రవరి 11

ఆఫీసు నుంచి వస్తూ మొఘల్‌పురాలో అమరనాథ్ కిరాణా దుకాణానికి బాటిల్ పట్టుకొని వెళ్లాను, గొడవ పెట్టుకుందామనే. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు బాటిళ్లతో నిలబడి ఉన్నారు. ఆయన తల పట్టుకొని కూర్చున్నాడు. డబ్బా మూత తీయంగనే నాకు డౌటొచ్చింది అక్కా, కాని ఆగమ్మ అరచేతుల రుద్ది వాసన జూసి మస్తుగుంది అన్నది, ఆమె అన్నంక నా ముక్కును నేనే నమ్మలే అన్నాడు.

వాళ్ల నాయన కాలం నుంచీ అదే పద్ధతి. కొత్త డబ్బా తెరిస్తే అత్తమ్మకు కబురొస్తుంది. ఆవిడ ఊ అన్నాకే గల్లీకి అమ్మకం. అలాంటి ముక్కు ఎలా తప్పింది?

జనవరిలో వచ్చిన జ్వరం నుంచి ఆవిడ తిండి తగ్గింది. నా వంటను తిట్టడం కూడా మానేసింది. నేనేమో మారిపోయిందని మురిసిపోయాను.

ఫిబ్రవరి 12

వెనక నుంచి వెళ్లి కాఫీ పొడి డబ్బా మూత తీసి ఆవిడ ముక్కు కింద పెడితే, ఏంది, దుమ్ము దులుపుతున్నవా అని అడిగింది.

ఫిబ్రవరి 15, శనివారం

లీవు పెట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాము. వైరల్ జ్వరం వల్ల వాసన పోయిందట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అలవాటైన వాసనలు రోజూ పొద్దునా సాయంత్రం చూపించమన్నాడు. అంతకంటే ముందు తినిపించండి, మనిషి సగమైంది అన్నాడు. ఆటోలో అత్తమ్మ ఏడ్చింది. ఏం తిన్నా మట్టి లెక్కనే ఉంటది సుజనా, ఎట్ల మింగాలె అని. నేను మర్యాదగా ఓదార్చాల్సింది. భయంతో ఆటోవాణ్ని తొందరగా పొమ్మని కసిరాను.

ఫిబ్రవరి 16

ఆ ముక్కుకు దేనికి అలవాటు? పల్లి నూనెకు. అయితే అసలైన పల్లి నూనే తేవాలి. నాకేమో రిఫైన్డ్‌కూ గానుగ నూనెకూ రేటు తేడా తప్ప ఏమీ తెలియదు. ఆవిడనే అడిగాను. పడుకొనే పాఠం చెప్పింది. సీసా మీద బొమ్మ జూడకు, తయారైన తేదీ జూడు. ఎండల పెట్టి అమ్మేటోని దగ్గర కొనకు. చుక్క అరచేతుల రుద్దితె పల్లీల వాసనే రావాలె. నాలుక మీద వేసుకుంటె గొంతుల గీరొద్దు. చెప్తుంటే మాత్రం పాత ఆగమ్మే. నాకెంత ధైర్యం వచ్చిందో.

ఫిబ్రవరి 23, ఆదివారం

రిఫైన్డ్ ప్యాకెట్‌లో వాసనే లేదు. ఇంకొకటి రుద్దితే పల్లీల వాసన గుప్పుమని వచ్చింది, సబ్బుతో కడిగినా పోలేదు. ఎసెన్స్ కలిపారేమో, నాకు నచ్చలేదు. చివరికి గుడిమల్కాపూర్ మార్కెట్ దాటాక ఒక గానుగ దొరికింది. మా కళ్ల ముందే పల్లీల్లో పుచ్చులు ఏరి పోశారు. రుద్దాను, నాకాను. గొంతు గీరలేదు. డానియేలు నన్ను చూసి, అచ్చం మా అమ్మ లెక్క జేస్తున్నవ్ అన్నాడు. తిట్టో పొగడ్తో.

ఇంటికొచ్చి అప్పడాలకు మూకుడు పెడితే నూనె నురగలు కక్కింది. కల్తీ! అనుకొని పొయ్యి ఆపేశాను. చప్పుడు వినే లేచొచ్చింది అత్తమ్మ, గోడ పట్టుకొని. చింతపండు రవ్వంత వెయ్ పిల్లా, గానుగ నూనె మొదటిసారి పొంగుతది అంది. వేశాను. నురగ అణిగింది. జ్వరం తర్వాత ఆవిడ వంటింట్లోకి రావడం ఇదే మొదలు. అప్పడం నమిలింది. వాసన మాత్రం రాలేదట.

మార్చి 8

రోజూ రెండు పూటలా అరచేతిలో చుక్క వేస్తాను. ఆవిడ రుద్ది వాసన చూస్తుంది, నేను ఆవిడ మొహం చూస్తాను. ఏమీ లేదు.

మార్చి 17

అమరనాథ్ కొత్త డబ్బా వచ్చిందని కబురు పెట్టాడు. నేను రాను, నువ్వే పోయి జూడు అని అత్తమ్మ గోడ వైపు తిరిగింది. వెళ్లాను. గల్లీ మొత్తం తినే నూనె. మూడుసార్లు రుద్ది చూశాకే ఊ అన్నాను.

మార్చి 26

పొద్దున అత్తమ్మ అరచేయి ముక్కు దగ్గర నుంచి తీయలేదు. ఏమైనా తెలిసిందా అంటే, ఉండు అంది. ఎంతసేపటికీ అదే మాట. మధ్యాహ్నం పప్పు మారు వడ్డించుకుంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, హాయిగా.

మార్చి 30, ఆదివారం

చర్చిలో అందరం కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉన్నాము. ముందు వరుసలో కూర్చున్న లీలమ్మ తలకు పెట్టిన కొబ్బరి నూనె ముక్కిందని అత్తమ్మ చర్చంతా వినపడేలా చెప్పింది.

పాస్టరుగారి ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. నేను ఆమెన్ అన్నాను. గట్టిగా.