సిగ్నల్ ఉన్న రోజున పాడ్యమి

పూజ్యులైన అన్నయ్యగారి పాదాలకు తమ్ముడు సూర్యం సాష్టాంగపడి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా గొంతు, డ్రైవరు కెవిన్‌గారు, ఆయన నడిపే ఈ మోటార్‌హోమ్, అందరం క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరు, వదినగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని, ఆవు ఈనిందని, దూడ లేచి పాలు తాగుతోందని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో మీరు ఎలాగూ రాయరు కాబట్టి ఆ సంగతి వదినగారు రాయాలి.

చేతిలో ఫోనుండగా కాగితం మీద రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. మేమిప్పుడు ఉన్నచోట ఫోను పలకలా రాసుకోవడానికి పనికొస్తుంది తప్ప మాట్లాడటానికి పనికిరాదు. రేపో ఎల్లుండో ఏదైనా ఊళ్ళో పోస్టాఫీసు తగిలితే ఇది పోస్టులో పడుతుంది. ఇది మీకు అందేలోపు మనం రెండు మూడు పాఠాలు చెప్పుకుంటామేమో కూడా. అయినా ఈ సంగతులు పాఠం మధ్యలో దూర్చడం నాకు ఇష్టం లేదు. దూర్చినా మీరు "సర్లే, మొదలెట్టు" అంటారు.

ఈ రెండు నెలల్లో నాలుగు ఊళ్ళు తిరిగాం. ఊరికీ ఊరికీ మధ్య రోజుల తరబడి ప్రయాణం. ఒక్కో ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళు ఏడో ఎనిమిదో ఉంటాయి. డాక్టర్లు, గనుల్లో ఇంజినీర్లు. పెర్త్‌లో గుడికి రాలేనివాళ్ళ కోసం గుడినే చక్రాల మీద పంపిస్తున్నామని కమిటీవారు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. దేవుడి విగ్రహాన్ని అరలో పెట్టి బెల్టుతో బిగించడం, దిగగానే ఆ బెల్టు విప్పి క్షమాపణ చెప్పుకోవడం నా వంతు.

ఎండ మన రోహిణి కార్తె ఎండే గాని ఒంటికి చెమట పట్టదు. ఎర్రదుమ్ము మాత్రం ఉతికిన పంచె ఆరేలోపు కావిరంగు చేసేస్తుంది. చూసినవాళ్ళు నేను సన్యాసం పుచ్చుకున్నానని అనుకుంటారు. వంట బండిలోనే. పొయ్యి ఉంది, తొట్టి ఉంది, చిన్న ఫ్రిజ్ ఉంది. రోజూ పప్పూ అన్నం, ఏదో ఒక కూర, మజ్జిగ. వేళకి తింటున్నాను, వదినగారితో చెప్పండి. ఇక్కడి కొబ్బరికాయలు కొడితే లోపల చుక్క నీళ్ళుండవు. సంకల్పం చెప్పి అటువంటి కాయ కొట్టాలంటే మన కొబ్బరితోటల సీమవాడికి ఎంత సిగ్గుగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మొన్న ఒక ఇంట్లో వ్రతం అయ్యాక ఆ ఇంటాయన దగ్గరికొచ్చి, "ఏవండీ, మీ మాట వింటుంటే మావిడికుదురు వేపులా ఉందండీ. మాది తాటిపాకండీ, ఆయ్" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. వాళ్ళావిడ పెరట్లో పెంచుకుంటున్న కరివేపాకు మొక్క నుంచి నాలుగు రెబ్బలు తుంపి ఇచ్చింది. ఆ పూట చారు తాగుతుంటే ఏడుపొచ్చిందండీ. దాచుకోవడం ఎందుకు, వచ్చింది. ఒంటరిగానే ఉంటోంది అన్నయ్యగారూ. కాని భరించలేనంత కాదు, బెంగపెట్టుకోకండి.

కెవిన్‌గారి గురించి వదినగారు అడిగారట. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇవే రోడ్ల మీద గొర్రెల లారీలు నడిపాడు. మాట తక్కువ. నా దగ్గర "ఆయ్" ఒక్కటీ నేర్చుకుని దేనికైనా అదే అంటున్నాడు. అప్పుడప్పుడూ పొద్దున్నే ఫోను ముందు కూర్చుని ఏం చేస్తావు, పాట నేర్చుకుంటున్నావా అని ఒకరోజు అడిగాడు. పాట కాదండీ, వేదం అన్నాను. మా అన్నయ్యగారు ఒకసారి అంటారు, నేను రెండుసార్లు అనాలి. స్వరం తప్పితే ఆయన మళ్ళీ అంటారు, నేను మళ్ళీ రెండుసార్లు. దీన్ని సంత చెప్పుకోవడం అంటారు. యాభై మాటలు కలిపితే ఒక పనస. అందులో మొదటి మాటను రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో జంట కట్టుకుంటూ పోతే అది క్రమం. క్రమంలో నాకింకా రెండు పన్నాలు, అంటే రెండు పెద్ద అధ్యాయాలు మిగిలిపోయాయి అని నాకు తోచినట్టు వివరించాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగి, "పాపం, పుస్తకం అచ్చు వేయించుకోలేకపోయారా?" అన్నాడు.

అచ్చయిందండీ, కాని చూసి నేర్చుకుంటే చెల్లదన్నాను. మరి మీ అన్నగారి గొంతు రికార్డు చేసుకోరాదా అన్నాడు. అదీ చెల్లదు. రికార్డు ఆయన అన్నది నాకు వినిపిస్తుంది గాని, నేను అన్నది ఎవరు వింటారు? అప్పుడు ఆయన "ఆయ్" అన్నాడు. నిజంగా అర్థమై అన్న మొదటి ఆయ్ అదే అనుకుంటాను.

ఆయనకు చెప్పనిది ఒకటుంది. నేను బయల్దేరిన రోజున వీధి అరుగు మీద మీరు అన్న మాట. "వెళ్ళరా, నేనేం ఆపను. క్రమం మధ్యలో వదిలేసి, నా శిష్యుణ్ణని మాత్రం ఎక్కడా చెప్పుకోకు." ఇప్పటిదాకా చెప్పుకోలేదండీ. పెర్త్‌లో ఎవరైనా మీ గురువుగారెవరని అడిగితే మాట తప్పిస్తున్నాను. ఎనిమిదో ఏట నుంచి నాకు అక్షరం పెట్టిన మనిషి పేరు చెప్పుకోకుండా బతకడం ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు. అందుకే వచ్చే శీతాకాలం వేదపండితుల సభలో క్రమం పరీక్ష ఇచ్చి తీరతాను. ఈ పట్టుదల మీ దగ్గర నుంచి వచ్చిందే, మీరు తప్పు పట్టడానికి వీల్లేదు.

పంతం ఉంటే సరా, సిగ్నల్ ఉండాలిగా. ఈ తిరుగుడులో దాని పద్ధతి నాకు ఇప్పటికి అర్థమైంది. ఊళ్ళో ఉంటేనే సిగ్నల్. ఊళ్ళో ఎప్పుడుంటాం? వ్రతాలప్పుడు. వ్రతాలెప్పుడు? పౌర్ణమికి. పౌర్ణమికి ముందు చతుర్దశి, వెనక పాడ్యమి, మూడూ అనధ్యాయాలే. వేదం నోట పలకకూడని రోజుల్లో ఫోను నిండుగా వెలుగుతుంది. పలకదగ్గ విదియకీ తదియకీ మేం బీడు మధ్య రోడ్డు మీద ఉంటాం. బండి పైకప్పు మీద శాటిలైట్ పళ్ళెం పెట్టించమని కమిటీవారిని అడిగాను. వచ్చే మీటింగులో మాట్లాడదామన్నారు. అన్నాక మూడు మీటింగులయ్యాయి.

అందుకే మొన్న పౌర్ణమికి కెవిన్‌గారిని బతిమాలాను. పాడ్యమి నాడు బయల్దేరాల్సిన బండిని ఇంకొక్క రోజు ఆపండి, విదియ నాడు పాఠం చెప్పుకుని వెళదాం అని. తరవాతి ఊరివాళ్ళకు ఆయనే ఫోను చేసి ఏదో సర్దిచెప్పాడు. మీకు ఆరు గంటలకి, మాకు ఎనిమిదిన్నరకి, స్నానం సంధ్య ముగించుకుని కూర్చున్నాను. ఫోటోలో ఉన్నంత స్పష్టంగా కనిపించారు మీరు. పీట, పక్కన చెంబు, వెనక గోడ మీద క్యాలెండరు, అన్నీ కనిపించాయి. నోరు తెరవబోతుంటే మీరు అడిగారు.

"అక్కడ సూర్యోదయానికి తిథేవిట్రా?"

నేను లెక్క చూసుకున్నది మన ఊరి పంచాంగంలో. ఇక్కడ మనకంటే ఎంతో ముందు తెల్లారుతుందన్న సంగతి రోజూ చూస్తూ కూడా మరిచిపోయాను. మీకు తెల్లవారే వేళకి విదియ వచ్చేసింది. మాకు తెల్లవారినప్పుడు పాడ్యమే ఉంది.

"పాడ్యమేనండీ. కాని ఈపాటికి వెళ్ళిపోయింది కదండీ."

"సూర్యోదయానికి ఏదుంటే ఆ రోజుకి అదేరా. నాకు విదియైతే నీకేవిటి? చదవాల్సింది నువ్వు. పెట్టేయ్."

అప్పుడు నేను నోరు జారాను. మీకు తిథి కావాలి గాని తమ్ముడు అక్కర్లేదండీ అన్నాను. మీరు వెంటనే ఫోను పెట్టేశారు. నా కోపం ఆ రోజంతా తగ్గలేదు. దారి పొడుగునా మీతో మనసులో వాదించి అన్నిసార్లూ నేనే గెలిచాను. రాత్రి పడుకోబోయేముందు మాత్రం, మీరే గనక సరేలే చదువు అనుంటే మీ మీద నాకు గౌరవం ఒక మెట్టు దిగేదని తెలిసొచ్చింది. అయినా అలా అన్నందుకు క్షమించమని అడుగుతున్నాను. అన్నది తప్పు. కోపం వచ్చింది మాత్రం నిజం.

మర్నాడు నా మొహం చూసిన కెవిన్‌గారు మధ్యాహ్నం బండి ఆపి మ్యాపు బయటికి తీసి పెన్నుతో అక్కడక్కడ సున్నాలు చుట్టాడు. లారీలవాళ్ళు ఇళ్ళకు ఫోను చేసుకోవడానికి ఆగే చోట్లట. ఫోను కంపెనీలకు తెలియదు గాని తమకు తెలుసునని ఆయన ధీమా. ఆ మర్నాడు పొద్దున్నే అలాంటి ఒక చోటికి తీసుకెళ్ళాడు. చుట్టూ ఎర్రనేల, ముళ్ళ పొదలు, చిన్న మెరక. దాని మీద ఎవరో బోర్లించి వదిలేసిన ఇనప పీపా. దాని మీద కూర్చుంటే సిగ్నల్ రెండు గీతలు, దిగితే సున్నా. పీపా కడిగి, దర్భాసనం వేసుకుని, తూర్పుముఖంగా కూర్చున్నాను. ఆ రోజు నాకూ మీకూ కూడా చవితే. మూడుసార్లు చూసుకున్నాను.

మీరు ఫోనెత్తారు. బొమ్మ రాలేదు, గొంతు మాత్రం వచ్చింది. "ఊఁ, అను" అన్నారంతే. మీరన్నది నాకు చేరడానికి కాసేపు, నేనన్నది మీకు చేరడానికి కాసేపు. మొదట్లో ఇద్దరం ఒకరి మీద ఒకరం పడ్డాం. తరవాత మీరు ఆగడం మొదలెట్టారు. చిన్నప్పుడు ఒక్క క్షణం ఆలస్యమైతే బెత్తం కోసం చూసిన మనిషి, నా మాట వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ఆగడం నాకు వినిపించిందండీ. ఒక పనసకు గంట పట్టింది. స్వరం రెండు చోట్ల దిద్దారు. రెండో పనసలో నేను మొదటిసారి అనేశాను. రెండోసారి అంటుండగా సగంలో లైను తెగింది. మళ్ళీ రాలేదు. పీపా మీద నిలబడి చూశాను, ఫోను పైకెత్తి చూశాను. కెవిన్‌గారు గంటసేపు ఇంజను ఆపుకుని కూర్చున్నాడు. ఆఖరికి ఆయనే వచ్చి భుజం తట్టాడు.

ఆ తరవాత ఎనిమిది రోజులు ఏమీ లేదు. నిన్న ఒక పెట్రోలు బంకు దాటుతుంటే పది నిమిషాలు సిగ్నల్ వచ్చి, పేరుకుపోయిన మెసేజీలన్నీ ఒక్కసారిగా పడ్డాయి. అందులో వదినగారి గొంతు ఉంది.

"సూర్యం, ఆ వేళ లైను పోయేక మీ అన్నయ్యగారు పీట మీంచి లేవలేదయ్యా. మధ్యలో లేస్తే సంత విరిగిపోద్దని ఫోను అరచేతిలో పెట్టుకుని పన్నెండింటి దాకా అలాగే కూచుండిపోయేరు. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. రెండోసారి సగవే అన్నాడే, సగవే అన్నాడే అంటారు. నే చెప్పేనని అనకు."

చెప్పారని అంటున్నాను. వదినగారు నన్ను మన్నించాలి.

ఇకమీదట ఇలా చేద్దాం. ఈ ఊళ్ళ సూర్యోదయాలన్నీ నేనే లెక్క కట్టి పుస్తకంలో రాసుకున్నాను. ఏ రోజు ఏ సున్నా దగ్గర ఉంటామో కెవిన్‌గారు చెబుతున్నాడు. రెండూ కలిసిన రోజుల పట్టీ వెనక కాగితం మీద ఉంది. నెలకు ఆరు రోజులు తేలాయి, పోనీ అయిదు. రోజుకు ఒక్క పనసైనా సరే. మెల్లిగా నడిచినా ఆగేది లేదు. మీ చిన్నాడితో ఆ పట్టీ పెద్ద అక్షరాల్లో రాయించి గోడకు పెట్టించండి. కుదిరితే రెండు జతల జంధ్యాలు, వదినగారి చేతి కందిపొడి ఎవరైనా వచ్చేవారుంటే పంపండి. అమలాపురం మావయ్యగారికి, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. వదినగారి పాదాలకు, మీ పాదాలకు మరోసారి దణ్ణం పెట్టుకుని దీవెన కోరుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం మీకు తెలియాలి. లైను తెగిన చోట నేను ఆగలేదు అన్నయ్యగారూ. ఫోను నల్లబడిపోయాక కూడా, ఆ పీపా మీద కూర్చుని, పనస ఆఖరి మాట దాకా అన్నాను. రెండోసారి పూర్తయింది. మీరు వినలేదు కాబట్టి చెల్లదని నాకు తెలుసు, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుందాం. ఈసారి లైను తెగితే మాత్రం మీరలా కూర్చుండిపోకండి. ఇక్కడ నేను అంటూనే ఉంటాను. నమ్మి, లేచి, వెళ్ళి భోంచేయండి.

ఇట్లు,
మీ తమ్ముడు
సూర్యం