నేమా జ్వరం సంగతి

నారాయణఖేడ్

నేమా వాళ్ళ అమ్మకు,

అక్కా, మనం ఎన్నడు సూసుకోలేదు. హైదరాబాదుల నీ బిడ్డతోని చదివే కృప మా బిడ్డనే. నేను తెలుగుల రాస్తున్న, కృప ఇంగ్లీషుల మార్చి పంపుతది.

జొన్న పంట మీద ఏదో రాసేదున్నదని నేమా పది రోజులు ఉండనీకి మా ఇంటికొచ్చింది. మూడో రోజు కల్హేర్ కాడ చేన్ల ఎండకు పడిపోయింది. పరేషాన్ కాకు, ఇప్పుడు మంచిగున్నది. జల్దీ ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయినం. రెండు దినాలు జ్వరం కాసింది. నిన్న జొన్నరొట్టె తిని, ఇంకోటి అడిగింది.

"అమ్మకు చెప్పొద్దు, చదువు బంద్ జేసి టాంజానియాకు రమ్మంటది" అని ఏడ్చింది. సరేనన్న. కానీ నా బిడ్డ మీ ఊర్ల పడిపోతే నాకు తెల్వకుంట ఉండాల్నా? అందుకే మాట తప్పి రాస్తున్న. దాన్ని వెనకకు పిలవకు అక్కా. ఇగ ఒక్క ఏడాదే ఉన్నది. సెలవులొస్తే మా ఇంటికే రమ్మను, నేను సూసుకుంట.

ఇంకొక మాట చెప్పాలె. దవాఖానల జ్వరం మీద నా చెయ్యి పట్టుకొని మీ భాషల ఏందేందో అన్నది. "మామా, మామా" అన్నదొక్కటే ఇనబడ్డది. మా దిక్కు మామ అంటే మేనమామ. ఎవలను పిలుస్తుందో అనుకున్న. మీ దిక్కు అమ్మను అట్లనే పిలుస్తరని కృప చెప్పింది. మళ్ళ పిలిస్తే, "ఈడనే ఉన్న బిడ్డా" అని నేను పలికిన.

నీ జాగల పలికిన అక్కా, ఏమనుకోకు.

కృప వాళ్ళ అమ్మ