ఎత్తని పికెట్

జూన్ 3, మంగళవారం
"కాలవ నీళ్లు మన చేలోకి వచ్చిన ఏడే నిన్ను డాక్టర్ చదువుకి పంపుతా రా." అన్న మాట అది. నాకప్పుడు పదిహేడేళ్లు. నీళ్లు వచ్చాయి. ఆ పంట డబ్బుతో అన్న సర్పంచి పదవికి నిలబడ్డాడు. నేను మా ఊరి బళ్లోనే సైన్సు మాస్టర్నయ్యాను.
ఇవాళ ఇది గుర్తు రావడానికి కారణం ఉంది. మా ఆవిడ కాంతం పట్టుబట్టి తీసుకెళ్లిన డాక్టర్ నా దగ్గర చదువుకున్న పిల్లే. ఉమ. ఎడమకాలి రెండో వేలు, చెప్పు కరిచిన చోట — ఐదు వారాలైనా పుండు మానలేదు.
"మూడు వారాలు చూద్దాం మాస్టారూ. అప్పటికీ ఇట్లానే ఉంటే వేలు తియ్యాల్సి రావచ్చు."
వేలి గురించి చెబుతూ ఆమె చూసింది నా పొట్టని.

జూన్ 4
మాస్టారూ అంది. అంటే గుర్తుపట్టింది. అయితే ఆ పేరూ గుర్తుండే ఉంటుంది.

జూన్ 5, గురువారం
ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను... ఎనిమిదో తరగతి. బాగా లావుగా ఉండేది. గుమ్మంలోకి రాగానే నేను — "తలుపు రెండో రెక్క కూడా తియ్యండ్రా, మిర్చి టిక్కీ వచ్చింది." టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు తొక్కి కుట్టే పెద్ద గోనెబస్తా. తరగతి మొత్తం నవ్వేది. బడి వదిలేదాకా ఆ పిల్లకి అదే పేరు.
ఇప్పుడు ఆమె సన్నగా ఉంది. నేను వంద కిలోలకు నాలుగు తక్కువ.
అలాంటి మనిషి చేతికి కత్తి ఇచ్చి నా వేలు అప్పగించడమా.

జూన్ 7, శనివారం
రక్తపరీక్ష కాగితం. షుగరు సరే, పాత సంగతి. సి.ఆర్.పి. ఎక్కువట. ఒంట్లో ఎక్కడో మంట ఆరకుండా రాజుకుంటోందని దాని అర్థం.
ఉమ కాగితం మీద గీసి చూపించింది. "కొవ్వంటే ఊరికే పడున్న మూట కాదు మాస్టారూ. కణాలు పట్టలేనంత నిండితే కొన్ని చస్తాయి. వాటి చుట్టూ తెల్లకణాలు చేరతాయి. శత్రువు లేడు, అయినా అవి యుద్ధం ఆపవు. అవి వదిలే రసాయనాల వల్ల కూడా ఒళ్లు ఇన్సులిన్ మాట వినదు. పుండూ త్వరగా మానదు."
తెల్లకణాలు మన సైనికులు — అని ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ వేసింది నేను. ఈమెకు మొదట చూపించిందీ నేనే. ఇప్పుడు ఆ సైన్యం నా మీదికే తిరిగిందట. చెబుతున్నది ఈమె.
"పుండు ఉన్నవాడికి సి.ఆర్.పి. ఎటూ పెరుగుతుంది కదమ్మా" అన్నాను. దొరికిపోయిందనుకున్నాను.
నా ఫైలే వెనక్కి తిప్పింది. "ఇది మీరు దసరాకి చేయించింది. అప్పుడు పుండు లేదు. అప్పుడూ ఎక్కువే."
ఆ ఫైలు ఇంట్లో పెట్టి వెళ్లాల్సింది.

జూన్ 9
గుంటూరు వెళ్లి వేరే ల్యాబులో రక్తం ఇచ్చాను. కాంతానికి పెన్షన్ పని అని చెప్పాను. తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. కాలు వాచింది.

జూన్ 10
గుంటూరు కాగితం. అంకె కాస్త అటూ ఇటూ, సంగతి అదే. ల్యాబులన్నీ కూడబలుక్కున్నాయనడానికి కూడా వీల్లేదు...

జూన్ 12, గురువారం
కట్టు మార్పించుకోవడానికి వెళ్లాం. ఉమ అడిగింది — "ఏం పెడుతున్నావు పిన్నీ?"
కాంతం గొప్పగా చెప్పింది. "పథ్యమమ్మా. పుండు మీద పప్పు తింటే చీము పడుద్ది గదా. గుడ్డు జోలికే పోనీలా. మూడు పూటలా తెల్లన్నం, చారు."
ఉమ నుదురు పట్టుకుంది. "పిన్నీ, కండ పూడాలంటే పప్పూ గుడ్డూ కావాల. అన్నం సగానికి తగ్గించు. ఆ పొట్ట కరగాల."
దారిలో ఆటోలో కాంతం — "సైన్సు మాస్టర్వి గదయ్యా, ఇన్నాళ్లూ నోరు మూసుకుని తిన్నావేంది?"
"నువ్వు పెట్టావు, తిన్నాను."
"నీ సైన్సంతా ఆ బల్ల మీదనే రాసి ఆ బల్ల మీదనే తుడిచొచ్చావు."
పప్పుకీ చీముకీ సంబంధం లేదని తరగతిలో ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఇంట్లో మాత్రం చారన్నం. నిజం చెప్పాలంటే — తెల్లన్నం నాకు ఇష్టం. అందుకే నోరు మెదపలేదు.

జూన్ 16
నాలుగు రోజులుగా చదువుతున్నాను. ఆమె మాటలో తప్పు పట్టాలని. దొరకలేదు.
గాయం దగ్గర తెల్లకణాలు ముందు పోట్లాడాలి, తర్వాత తాపీ పని చెయ్యాలి. నా బోటి ఒంట్లో మొదటి పని నుంచి రెండో పనికి మారడానికి అవి మొరాయిస్తాయి.
చదువుతుంటే మా ఊరి పికెట్ గుర్తొచ్చింది. అన్న మూడోసారి నిలబడినప్పుడు కొట్లాట. పోలీసులు దిగారు. గొడవ మూడో రోజుకే చల్లారింది, పికెట్ మాత్రం ఎత్తలేదు. నా బడి వరండాలోనే మకాం. పట్టుకోవడానికి ఎవరూ లేక ముందు కోళ్లని పట్టారు. తర్వాత సైకిల్ మీద పోయే ప్రతివాణ్ణీ ఆపి సోదా. సైకిల్ షాపు మస్తాన్ అనేవాడు — "పికెట్ కాదు మాస్టారూ, కాపురం పెట్టారు." పొద్దుగూకితే ఊళ్లో మనిషి బయటికి వచ్చేవాడు కాదు.

జూన్ 18
పెసరపప్పు. రెండు గుడ్లు. అన్నం గరిటెడు. ఆకలి... కాంతం డబ్బాలన్నీ అటక మీదికి ఎక్కించింది. నా కాలు సంగతి తెలిసే.

జూన్ 21, శనివారం
ఇక ఉండబట్టలేక అడిగేశాను. ఆమె కట్టు విప్పుతోంది. గదిలో ఇద్దరమే.
"నా మీద కోపం ఉందా అమ్మా?"
చెయ్యి ఆగలేదు. దూదితో అంచులు తుడుస్తూనే —
"టిక్కీ గుర్తుంది మాస్టారూ. ఆ పేరు మా అమ్మ చెవిన పడింది. రెండేళ్లు నాకు రాత్రిపూట అన్నం పెట్టలా. కాలు కదపమాకండి."
అంతే. క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. కట్టు మాత్రం ఎప్పటికంటే మెత్తగా కట్టింది. లేక నాకలా అనిపించిందా.
బయట బెంచీ మీద కాంతం — "అంతసేపు ఏం మాట్లాడావు?"
"వేలి గురించే."

జూన్ 22
ఆకలితో పడుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసి నాలుగు రోజులు. ఆ పిల్లకి పదమూడేళ్లు.

జూన్ 23, సోమవారం
రేపటికి మూడు వారాలు. బరువు రెండు కిలోలు తగ్గాను. కాంతం భూతద్దం పెట్టి చూసింది. "చీము పట్టలేదే" అంది, కాస్త నిరాశగా. అంచుల్లో కొత్త కండ ఎర్రగా కనిపిస్తోంది. నడుమ ఇంకా నలుపే. వేలు ఉంచుతుందో తీస్తుందో రేపు ఉమ చెబుతుంది. తియ్యాలంటే ఆమె చేతనే తీయించుకుంటాను. వేరే డాక్టర్ని వెతకను.
ఆమె మీద అనుమానం పోయింది. అనుమానం ఖాళీగా ఉండదు కదా... మళ్లీ పాత చోటికే వెళ్లి కూర్చుంది. ఆ డాక్టర్ చదువు మాట నిలబడి ఉంటే నేను ఆ తరగతి గదిలో ఉండేవాణ్ణి కాదు. ఆ పేరు పుట్టేది కాదు. ఆ పిల్ల రెండేళ్లు పస్తు పడుకునేది కాదు.
"పేరు పెట్టింది నువ్వు. పోయినోడి మీద ఇంకా ఏందయ్యా" అంటుంది కాంతం, ఇదంతా చెబితే. ఆయన పోయి పదకొండేళ్లు. అయినా సరే, ఎవరు కారణమని అడిగితే నా నోట వచ్చేది ఒక్కటే పేరు.
మా అన్న కోటయ్య.