పోవలసిన షీటు పోయినందుకు

పరిశోధనా కేంద్రం సంచాలకులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మట్టిలో కలిసిపోవడానికే తయారుచేసిన షీటు మట్టిలో కలిసిపోయిన నేరానికి నాకిచ్చిన మెమోను రద్దుపరచి, సదరు షీటును మట్టి రూపంలోనే జమ చేసుకొనుట గురించి.

పదార్థ విభాగంలో పరిశోధక విద్యార్థినైన నేను వినయపూర్వకముగా (ఈ అర్జీలో వినయం ఇక్కడితో సరి) మనవి చేసుకొనునది ఏమనగా:

1. కలుపు రాకుండా, తడి ఆరకుండా రైతులు మొక్కల చుట్టూ ప్లాస్టిక్ షీటు పరుస్తారన్నది తమకు విదితమే. పంట అయిపోయాక అది పీలికలై మట్టిలో ఉండిపోతుంది. ఎంత మొండిదో వంగి ఏరినవాళ్ల నడుములనడగాలి. అందుచేత పంటకాలమంతా నిలిచి, ఆ పిదప మట్టిలో కలిసిపోయే షీటును మొక్కజొన్న గంజితో, గడ్డి నారతో తయారుచేసితిని. చేసితిని అని ఒక్క ముక్కలో అనేశాను గానీ, మొదటివి ఎండుటాకుల్లా విరిగాయి, తరువాతివి తడి తగలగానే జిగురై చేతికంటుకున్నాయి. మా విభాగంలో నాకు 'గంజి' అన్న బిరుదు అప్పుడే దక్కినది.

2. వ్యవసాయ విభాగం వారు దయతలచి రెండు మడులు ఇచ్చిరి. ఒకదానిలో నా షీటు, పక్కదానిలో పోలిక కోసం బజారు ప్లాస్టిక్ షీటు. రెండింటా టమాటా. కంప్యూటర్ విభాగంలో పరిశోధన చేస్తున్న అక్క (సొంత అక్క కాదు, తిట్టి మరీ సాయం చేస్తుంది కాబట్టి అక్క) మడుల పైన కెమెరా బిగించి, షీటు ఏ రోజుకారోజు ఎంత తరిగిందో ఫొటోలు చూసి చెప్పే ప్రోగ్రామును పెట్టినది. ఆ ప్రోగ్రాము ఆమె మొదట రాసింది మన సైకిల్ స్టాండులో దొంగల్ని పట్టడానికి. దాన్నే మడికి సరిపడేట్టు మార్చింది. అన్నీ మార్చింది, ప్రోగ్రాములో చివరి వరుస ఒక్కటి మరిచిపోయింది.

3. టమాటాలు కోసేశాక షీటు పలచబడి, జల్లెడై, ఒకనాటి ఉదయం ఆఖరి ముక్క కూడా కంటికి ఆనలేదు. నేను మడి గట్టు మీద గంతులు వేస్తున్నాను. సరిగ్గా అప్పుడే ప్రోగ్రాము భద్రతా సిబ్బందికి 'వస్తువు చోరీ అయినది' అని సందేశం పంపినది. గార్డు పరుగున వచ్చెను.

"ఏం పోయింది?"

"షీటు పోయిందండీ!"

"పోతే నవ్వుతావేంటయ్యా? ఎవరి మీదైనా అనుమానమా?"

"వానపాముల మీద."

ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా ఆయన రిపోర్టులోకెక్కి, రిపోర్టు స్టోరుకెళ్లి, అక్కణ్నుంచి మెమోగా నా దగ్గరికొచ్చినది.

4. ప్రయోగం ముగిసిన పిదప నమూనాను స్టోరులో అప్పగించవలెను. లేనిచో 'నా అజాగ్రత్త వలన పోయినది' అని సంతకం చేయవలెను. అంతవరకు థీసిస్ స్వీకరించబడదు. ఇదీ మెమో సారాంశం. మన స్టోరు పెద్దాయన మంచి మనిషే, రూలు దగ్గరికొస్తే మాత్రం గోడ. పక్క మడిలోని బజారు ప్లాస్టిక్‌ను తవ్వి, కడిగి ఇస్తే అద్దాల బీరువాలో పెట్టుకుని, నాకు చూపించి మరీ అన్నారు:

"చూశావా, ఇదీ వస్తువంటే. ఎలా వెళ్లిందో అలా వచ్చింది."

"సార్, అలా రావడమే కదా జబ్బు. నాది రాకపోవడమే మందు."

"మందో మాకో, బీరువాలో కనబడాలి కదా బాబూ."

"మట్టి తెచ్చాను సార్, ఇదిగో."

"ఆవరణలో మట్టి ఆవరణదే. అది నువ్వు నాకిచ్చేదేంటి?"

పర్యావరణ విభాగం మేడమ్ ఆ మట్టిని పరీక్షించి, షీటు తాలూకు నలుసు కూడా మిగల్లేదని, వానపాములు మునుపటికంటే బలిశాయని రాసిచ్చారు. "రిపోర్టు కాగితం కిందికొస్తుంది, వస్తువు కిందికి రాదు" అని పెద్దాయన దాన్నీ తిప్పి పంపారు.

5. చివరికి పెద్దాయనే జాలిపడి, నా చెవి దగ్గరికొచ్చి చెప్పారు: "కూరగాయల కవరు ముక్కేదైనా పట్రా. షీటని రాసి జమ వేసేస్తా. ఎవడు చూడొచ్చాడు?" మా గైడు గారేమో "సంతకమే కదయ్యా, పెట్టేసి బయటపడు. నన్నూ బయటపడనీ" అన్నారు. ఇక మా అమ్మ, ఫోనులో:

"పోగొట్టడానికా ఇన్నేళ్లు చదివావు?"

"నేను పోగొట్టలేదమ్మా, అదే పోయింది. పోవాలి కూడా."

"పోవాల్సింది పోతే పాసవ్వాలి కదరా?"

"అదేనమ్మా నేనూ అడిగేది."

"నన్నెందుకు అడగడం? వాళ్లనడుగు, గట్టిగా అడుగు. నా దగ్గర నసిగినట్టు అక్కడ నసగకు."

అందుచేత నసగకుండా విన్నవించుకొంటున్నాను.

6. నేను ఆ సంతకం పెట్టను.

'పోగొట్టుకున్నాను' అని నా చేత్తో నేనే రాసిచ్చాక, 'కలిసిపోయింది' అని నా థీసిస్ ఎంత మొత్తుకున్నా ఎవరు నమ్ముతారు? అక్క తీయించిన ఫొటోలు, మేడమ్ చేసిన పరీక్షలు, నా అరచేతుల్లో కాయలు, అన్నీ ఆ ఒక్క గీతతో అబద్ధమైపోతాయి. కవరు ముక్క సంగతి ఇంకా అన్యాయం. రేపెవరో బీరువా తెరిచి, "ఇదేనట ఆ గంజి చేసిన షీటు, చెక్కు చెదరలేదు చూడు" అని నవ్వుతారు. అక్కడితో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ కవరును నమ్మి ఈ దారిన ఇంకెవరూ ప్రయత్నించకపోతే, ఆ పీలికలు ఏరేవాళ్లు అలాగే వంగి ఏరుకుంటూ ఉండాలి. థీసిస్ ఆగితే ఆగనివ్వండి. అబద్ధం మాత్రం నా చేత్తో జమ కాదు.

కావున తమరు మెమోను రద్దుపరచి, మట్టిని షీటుగా స్వీకరించి, అద్దాల బీరువాలో బజారు ప్లాస్టిక్ పక్కన ఒక అరను ఖాళీగా ఉంచి, దానికి నా షీటు చీటీ అంటించవలసినదిగా కోరుచున్నాను. ఆ ఖాళీయే నా ఫలితం.

పై విన్నపమును చిత్తగించవలెను. చిత్తగించి ఫైల్లో పడేయరాదు. ఫైళ్లు మట్టిలో కలవవు.

తమ విధేయుడు
(ఒక్క సంతకం విషయంలో తప్ప),
పదార్థ విభాగ పరిశోధక విద్యార్థి,
ఒకప్పటి 'గంజి', ప్రస్తుతం 'షీటు దొంగ'.

సంతకం: ఇక్కడ పెట్టాను. అక్కడ పెట్టను.

తా.క.: ఈ అర్జీతో ఒక కుండీ సమర్పిస్తున్నాను. అందులో ఉన్నది ఆ మడి మట్టి, అనగా షీటు. మొలిచిన టమాటా మొక్క నేను నాటింది కాదు, దానంతటదే వచ్చింది. నీళ్లు పోయించగలరు. ఇంకొక సంగతి. కుండీ మోసుకొస్తుంటే స్టోరు పెద్దాయన తమ ఆఫీసు మెట్ల దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి, "ఆ మట్టి ఇంకో కుండీకి వస్తుందా? మా ఆవిడ గులాబీ ఎంతకీ బతకడం లేదు" అన్నారు. "తప్పకుండా ఇస్తాను సార్. కానీ మట్టి ఆవరణది కదా, నేనెలా ఇస్తాను? షీటైతే నాది. షీటని రాసుకుని పట్టుకెళ్లండి" అన్నాను. అక్కడే నిలబడి ఆలోచిస్తున్నారు. తమరు కిటికీలోంచి చూస్తే కనబడతారు.